నిలబడ్డవాళ్ళను ఎవరడిగారు?

పోయిన వారం ప్రశ్నలావిడను డిపో మెట్ల మీద నిలబెట్టి మనమంతా మన ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. మెడలో కొత్త కార్డు, భుజాన పాత సంచి.

ఈ వారమే కథలోకి ఎక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి బండి కదిలిస్తాను. పదకొండో నంబరు దారిలో సాయంత్రం ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక బస్సు తిరిగేది. ఖర్చు తగ్గించుకోవాలని దాన్ని కొన్నాళ్ళు ఆపి చూద్దామన్నారు. మామూలు బస్సులో ఆడవాళ్ళు సుఖంగానే వెళ్తుంటే ఇక అక్కర్లేదు, లేదంటే మళ్ళీ వేద్దాం, ఆ సంగతి ప్రయాణికులనే అడిగి తేలుద్దామన్నారు. ఆ అడిగే పని మన ఆవిడకు దొరికింది. చేతిలో పలకలాంటి ట్యాబు. దాని మీద మూడు ముఖాలు: ఒకటి నవ్వేది, ఒకటి ఊరికే చూసేది, ఒకటి ఏడ్చేది. "ప్రయాణం ఎలా ఉందండీ?" అని అడిగి పలక ముందుకు చాపితే, ఎవరికి తోచిన ముఖం వాళ్ళు నొక్కాలి. మగవాళ్ళో ఆడవాళ్ళో ఆమే గుర్తు పెడుతుంది. రెండు నెలలు ఇదే పని. బస్సులో అందరూ ఆమెను ప్రశ్నలావిడ అనేశారు.

లెక్క తేలింది. మగవాళ్ళు ఏడుపుముఖాన్ని అరగదీశారు. ఆడవాళ్ళు నవ్వుముఖమే నొక్కారు. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి ఎంత మురిసిపోయాడని! "చూశారా, మగవాళ్ళకు పల్లకీ ఎక్కించినా గొణుగుడే. ఆడవాళ్ళే నయం. వచ్చే నెల నుంచి అన్ని దారుల్లోనూ అడిగే పని మీదే" అని కొత్త కార్డు చేతికిచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ నాణెంతో బల్ల అంచు మీద కొడుతూనే ఉన్నాడు. ఆయన కండక్టరుగా చేరి, పరీక్షలు రాసి ఆ కుర్చీలోకొచ్చిన మనిషి. ఆ మాట ఆయనే పదిమందికీ చెప్పుకుంటాడు. బస్సు కమ్మీ మీద కండక్టరు నాణెంతో టక్‌మంటే ఆగు, టకటకమంటే పద. కుర్చీ మారినా ఆ అలవాటు మాత్రం ఆయన చేతిని వదల్లేదు.

ఆమె మెట్లు దిగేసరికి కింద గోడకు కాగితం అంటించేశారు. ఆడవాళ్ళ బస్సు ఇక రాదు. బట్టల ఫ్యాక్టరీ వదిలిన ఆడవాళ్ళు గుంపుగా దాన్ని చదువుతున్నారు. వాళ్ళలో ఒకామె తల తిప్పి మెట్ల వైపు చూసింది. ప్రశ్నలావిడతో ఆరేళ్ళుగా మాటల్లేని తోటికోడలు, ఇంట్లో అందరికీ చిన్నది. ఆ చూపు దగ్గరే పోయిన వారం ఆపాం.

*

ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. రెండు నెలలుగా రోజూ సాయంత్రం అదే చూపు. డ్రైవరు వెనకాల మడతపెట్టే చిన్న సీటు ఒకటుంది, అది ప్రశ్నలావిడది. దానికి ఎదురుగా ఉన్న కమ్మీ చిన్నదానిది. ఎక్కడం ఎక్కడం సూటిగా అక్కడికే వచ్చి, ఇటే తిరిగి నిలబడేది. దిగేదాకా అదే నిలుచోడం. కళ్ళతో కాల్చుకు తింటోంది అనుకునేది ప్రశ్నలావిడ. తినాల్సింది నేను కదా, దీనికేం వచ్చింది అని కూడా అనుకునేది.

మెట్లు దిగి ఆమె కూడా బస్సు కోసం వచ్చి నిలబడింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆమెకు కాస్త జాగా వదిలి అవతలికి జరిగారు. మర్యాదకు కాదు.

బస్సు వచ్చింది. ఎప్పటిలాగే డ్రైవరు వెనక్కి వెళ్ళబోయి ఆగిపోయింది. మడతసీటు మీద ఎవరో కుర్రాడు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నిజమే, ఇవాళ ఆమెకు ఇక్కడ పని లేదు. పలక ఆఫీసులో ఇచ్చేసింది. ఆఫీసువాళ్ళిచ్చిన నీలం కోటు విప్పేసింది. అందరిలాగా ఒక మనిషి, అంతే.

"ఏమ్మా, ఇవాళ అడగరా?" కిటికీ పక్కనుంచి గొణుగుడాయన పలకరించాడు. రిటైరైన పోస్టుమాస్టరు. బస్సు ఖాళీగా వచ్చినా ఏడుపుముఖమే నొక్కే మనిషి. "వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను!"

"అయిపోయిందండీ. నిన్నటితో సరి."

"అప్పుడేనా? ఈ కిటికీ మూసుకోదని నేనింకా చెప్పనే లేదు." ఆయన ముఖం చిన్నబోయింది. "రేపటి నుంచి ఎవరితో చెప్పుకోవాలి మరి?"

ఆమెకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆయన బాధ ఆమెకు బాగా తెలుసు. ఫ్యాన్లు బాగుచేసే కొట్టు మీద ఒక్క గది ఆమెది. పొద్దున పాలవాడు గిన్నె పెట్టమంటాడు, సాయంత్రం కొట్టువాడు షట్టరు వేస్తున్నానంటాడు. ఆ రెండు మాటల మధ్య ఆమెతో ఇంకెవరికీ పని లేదు. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకరిది ఒకరు వినేవాళ్ళు కాదు. ఇప్పుడు గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతుంది, ఆమె వింటుంది. ఈ పని దొరికాక మొదటి రాత్రి అద్దం ముందు నిలబడి "ప్రయాణం ఎలా ఉందండీ?" అని సాధన చేసుకుంది. అడిగితే జనం జవాబిస్తారు! కళ్ళలోకి చూసి మరీ ఇస్తారు. ఆ సంగతే మరిచిపోయి ఎన్నేళ్ళయిందో.

జనం తోసుకొచ్చారు. ఆమె జరిగి జరిగి చివరికి ఆ కమ్మీ దగ్గరే తేలింది. చిన్నది పక్కనే. ఇద్దరి సంచులూ రాసుకుంటున్నాయి. ఎవరి చూపు వాళ్ళది.

పైనున్న కడ్డీ ప్రశ్నలావిడకు సరిగా అందలేదు. బస్సు తూలినప్పుడల్లా ఆమే తూలింది. రెండు స్టాపులు దాటాక వెనక నుంచి ఎవరో ఆనుకున్నారు. రద్దీ కదా అని ముందుకు జరిగింది. ఆ మనిషీ జరిగాడు. బ్రేకు వల్ల అనుకుంది. బస్సు నిదానంగానే పోతోంది. వెనక్కి తిరిగి ఏమైనా అందామనుకుంది. ఏమనాలి? తన వయసెంత? జుట్టు సగం తెల్లబడింది. అంటే నలుగురూ నవ్వరూ? చెమట చేత్తో కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇటు తిరుగు."

ఎవరన్నారో తెలియలేదు.

"నిన్నే. ఇటు తిరిగి కమ్మీకి వీపు ఆనించు. సంచి ముందుకు తెచ్చుకో, గుండెకు అడ్డంగా. మోచేతులు విప్పి పెట్టు."

ఆరేళ్ళ తర్వాత చిన్నది ఆమెతో అన్న మొదటి మాటలవి. వంట నేర్పినట్టు చెప్పింది.

ఆమె తిరిగింది. చిన్నది అర అడుగు జరిగి కమ్మీలో సగం ఇచ్చింది. వెనక ఇనుము చల్లగా తగిలింది. ఇక వెనక ఎవరూ లేరు. ఇందాకటి మనిషి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఆమె ఊపిరి పీల్చుకుని తలెత్తింది. ఎదురుగా మడతసీటు. ఇక్కడ ఇలా వీపు పెట్టి నిలబడితే కళ్ళు వెళ్ళి వాలేది సరిగ్గా ఆ సీటు మీదే. ఇంకెక్కడా చూడటానికి లేదు.

రెండు నెలలూ చిన్నది తనను కాల్చుకు తినలేదు. వీపు కాచుకుంది.

"కార్డు మారినట్టుందే" అంది చిన్నది, ముందుకే చూస్తూ.

"ఊఁ. అన్ని దారులూ ఇస్తారట."

"ఇవ్వరూ మరి! ఆడవాళ్ళంతా పళ్ళికిలిస్తున్నారని చెప్పావుగా."

"నేను చెప్పడమేంటి? వాళ్ళే నొక్కారు."

"ఎవరు వాళ్ళు?"

"బస్సులో ఆడవాళ్ళు."

"కూర్చున్న ఆడవాళ్ళు" అంది చిన్నది. "మొదటి స్టాపులో ఎక్కి, సీటు దొరికి, కిటికీ గాలి తగులుతున్నవాళ్ళు. వాళ్ళకేం, నవ్వుతారు. నేనైనా నవ్వుతాను. మా ఫ్యాక్టరీవాళ్ళం ఇంతమందిమి రోజూ నీ మోకాలికి జానెడు దూరంలో వేలాడాం కదా, ఒక్కనాడు ఒక్కరినైనా అడిగావా అక్కా?"

అక్కా అంది. అలవాటుగా వచ్చేసినట్టుంది. అన్నాక చిన్నది నాలుక కరుచుకుంది.

"ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో సంచి... మీకు చెయ్యి ఖాళీ ఉండదు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"మగవాళ్ళకు ఖాళీగా ఉండేవా? ఒకాయన మోచేత్తో నొక్కాడు. ఇంకొకాయన ముక్కుతో నొక్కాడు, నువ్వు నవ్వావు కూడా. నేను చూశాను."

నిజమే, నవ్వింది. మగవాళ్ళను నిలబడినా కూర్చున్నా అడిగింది. ఆడవాళ్ళలో నిలబడినవాళ్ళను మాత్రం పాపం అని వదిలేసింది. అది దయ అనుకుంది. దయేనా? పనిలో చేరిన రెండో రోజు గుర్తొచ్చింది. నిలబడ్డ వరసలో ఒకామెను అడగబోయి, ఆమె పక్కన చిన్నదాని ముఖం కనపడి, పలక వెనక్కి లాక్కుంది. ఒకరిని అడిగితే పక్కనున్నదాన్నీ అడగాలి. దాన్ని అడిగితే మాట్లాడాలి. అందుకని ఆ క్షణంలోనే నిలబడ్డ ఆడవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని ఒక నియమం పెట్టేసుకుంది. ఆఫీసు పెట్టింది కాదు, ఎవరూ చెప్పిందీ కాదు. ఒక్క మనిషిని తప్పించుకోవడానికి అంతమందినీ తప్పించింది. ఇవాళ ఆడవాళ్ళ బస్సూ పోయింది.

"దిగేది ఇక్కడే" అంది చిన్నది.

ప్రశ్నలావిడ స్టాపు ఇంకా ముందుంది. అయినా దిగింది.

*

స్టాపులో సిమెంటు బల్ల ఉంది. చిన్నది వెళ్ళిపోతుందనుకుంటే వెళ్ళలేదు. ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. ఫ్యాక్టరీ దారం పోగులు చిన్నదాని భుజం మీద ఇంకా అంటుకునే ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉన్నప్పుడైతే చెయ్యి చాపి తీసేసేది.

"ఇంత కష్టం పడుతూ అక్కడే నిలబడకపోతే ఏం, వెనక కాస్త ఖాళీగా ఉంటుందిగా" అంది ప్రశ్నలావిడ, ఏదో ఒకటి అనాలని.

"నువ్వున్నావని నిలబడ్డాను."

ప్రశ్నలావిడకు అర్థం కాలేదు.

"నీలం కోటు వేసుకుని, ఆఫీసు మనిషిలా కూర్చునేదానివి. నీ ఎదురుగా అయితే కాస్త భయపడతారు. మాట్లాడకపోతే ఏం, మా అక్క చూస్తోందిలే అనుకునేదాన్ని." చిన్నది సంచి తాడును వేలికి చుట్టుకుంది. "నువ్వేమో తల దించేసుకునేదానివి."

రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. ప్రశ్నలావిడలో ఆరేళ్ళ నాటి ముల్లు కదిలింది. అంత నమ్మకమున్న మనిషి ఆ రోజు ఎందుకు రాలేదు? ఆస్పత్రిలో తన భర్త ఆఖరి ఘడియల్లో ఉంటే, ఒక్కదాన్నే ఉన్నాను రమ్మని ఫోన్ చేస్తే, వస్తున్నానని చెప్పి రాకుండా, తెల్లారాక తలనొప్పి అని కబురు పెట్టింది. తలనొప్పి! ఆ ఒక్క మాట మీదే తాను తలుపు వేసేసింది. మరిది వచ్చి బతిమాలినా తీయలేదు.

"ఒకటడుగుతాను" అంది. "ఆ రోజు నీకు నిజంగా తలనొప్పేనా?"

చిన్నది వేలికి చుట్టుకున్న తాడు విప్పింది.

"కాదు" అంది. "మీ మరిది ఊళ్ళో లేరు. ఒక్కదాన్నే బస్సెక్కాను. సగం దారిలో ఒకడు... ఇవాళ నీ వెనక నిలబడ్డాడే, అలాంటివాడే. ఇంకా నయం ఇవాళ్టివాడు. నేను కండక్టరు దగ్గరకెళ్ళి చెప్పాను. ఆయన నాణెం తీసి కమ్మీ మీద టక్‌మని కొట్టి బస్సు ఆపించాడు. వాణ్ణి దించేస్తాడనుకున్నానక్కా. మనసులో దండం కూడా పెట్టుకున్నాను. 'నచ్చకపోతే నువ్వే దిగమ్మా, నీ ఒక్కదాని కోసం అందరికీ ఆలస్యం' అన్నాడు. బస్సంతా నా వైపే చూస్తోంది. దిగాను. నేను దిగగానే టకటక. బస్సు వెళ్ళిపోయింది. అక్కడ ఇల్లూ లేదు, దీపమూ లేదు. నడుచుకుంటూ ఇంటికి చేరేసరికి తెల్లారింది."

"నాతో ఒక్క మాట..."

"బావగారు పోయారని ఫోనొచ్చింది. నువ్వలా ఏడుస్తుంటే వచ్చి నా గోడు వెళ్ళబోసుకోనా? తలనొప్పన్నాను. తర్వాత చెబుదామంటే నువ్వు తలుపు తీయలేదు." చిన్నది సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "ఎందుకు రాలేదే అని ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని. అడుగుతావని చూశాను. బస్సులో నీ చేతిలో ఆ పలక చూసినప్పుడు, ఇప్పుడైనా అడుగుతుంది అనుకున్నాను."

ప్రశ్నలావిడ బల్ల మీద కాస్త ఇటు జరిగింది. చెయ్యి చాపి ఆ భుజం మీది దారం పోగు తీసింది. దాన్ని ఏం చేయాలో తెలియక వేళ్ళ మధ్యే పట్టుకుంది.

"ప్రయాణం ఎలా ఉంది?" అని అడిగింది. అద్దం ముందు అంత సాధన చేసిన ప్రశ్నే.

చిన్నది కళ్ళు తుడుచుకుని నవ్విందో ఏడ్చిందో. "ఇక్కడ అడిగితే ఏం లాభం? మీ ఆఫీసరు ముందు అడుగు. అక్కడ చెబుతాను. మా బస్సు మాకు రావాలి."

"రేపు రా" అంది ప్రశ్నలావిడ. అనేశాక అర్థమైంది తాను ఏమన్నదో. తన లెక్క తప్పని తన నోటితోనే చెప్పాలి. చెబితే ఈ కార్డు ఉండదు. కార్డు పోతే మళ్ళీ పాలవాడు, కొట్టువాడు, గోడ గడియారం.

ఇంటికి వెళ్ళి కార్డును గడియారం కింద మేకుకు తగిలించింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఎలా ఉన్నావని అది కూడా అడగలేదు.

*

మర్నాడు ఆఫీసు తెరిచేసరికే ఇద్దరూ మెట్ల దగ్గరున్నారు. చిన్నది సగం రోజు సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. జుట్టు గట్టిగా దువ్వుకుంది. భయంగా ఉందని చెప్పలేదు కానీ, మెట్లెక్కుతుంటే అక్క కొంగు చివర పట్టుకుంది.

"రండి రండి!" ఆఫీసరు ఫైలులోంచి తలెత్తాడు. నిజానికి మంచి మనిషే. నౌకరును కూడా మీరు అంటాడు. "అప్పుడే పనిలోకి దిగిపోయారా? ఈవిడెవరు?"

"నా తోటికోడలు సార్."

ఆరేళ్ళుగా అనని మాట. నోటికి కొత్తగా, బరువుగా తగిలింది.

"సార్, నా లెక్క తప్పు. నిలబడ్డ ఆడవాళ్ళను నేను అడగలేదు. కూర్చున్నవాళ్ళనే అడిగాను. ఆ నవ్వుముఖాలు వాళ్ళవి. ఆడవాళ్ళ బస్సు సంగతి ఆ లెక్కతో తేల్చకండి." కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "తప్పు నాదే. కావాలంటే ఇది తీసుకోండి. మళ్ళీ అడగనివ్వండి, ఊరికేనైనా అడుగుతాను."

ఆఫీసరు ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. "ఇదేంటమ్మా? కాగితాలు పైకి వెళ్ళిపోయాయి. అయినా నిలబడ్డవాళ్ళు మాత్రం వేరే ఏం చెబుతారు? కాస్త రద్దీ, కాస్త తోపులాట. నేనూ బస్సుల్లో పెరిగినవాణ్ణే. పదేళ్ళు కండక్టరుగా చేశాను. ఈ దారిలో ప్రతి గుంతా తెలుసు నాకు. రాత్రి బస్సులు కూడా నేనే నడిపించాను. ఏనాడూ ఏ గొడవా రానివ్వలేదు."

జేబులోంచి నాణెం తీశాడు. ఆలోచించేటప్పుడు ఆయన చేతిలో అది ఉండాలి. బల్ల అంచు మీద ఒక్కటి కొట్టాడు.

టక్.

"సరే, ఇంత దూరం వచ్చారు కదా. కూర్చోండమ్మా. కూర్చుని చెప్పండి, ఏంటి మీ ఇబ్బంది?"

చిన్నది కూర్చోలేదు. చూపు ఆ నాణెం మీద ఆగింది, తర్వాత మెల్లగా పైకి, ఆయన ముఖం మీదికి వెళ్ళింది. వెనక్కి అడుగులు వేసింది. గోడవారన ఇనుప బీరువా ఉంది. దానికి వీపు ఆనించింది. సంచి గుండెకు అడ్డంగా తెచ్చుకుంది. మోచేతులు విప్పి పెట్టింది.

ప్రశ్నలావిడకు ఆ నిలుచోడం తెలుసు. నిన్న సాయంత్రమే నేర్చుకుంది. చిన్నది చెప్పిన నాణెం సంగతి నిన్న సిమెంటు బల్ల మీద పట్టించుకోలేదు, నాణెంతో కొట్టని కండక్టరు ఎవరున్నారని. ఇప్పుడు ఈ నాణేన్ని చూసింది. ఆఫీసరు వైపు చూసింది. ఆయనకు ఏమీ గుర్తున్నట్టు లేదు. అదే మంచి ముఖం, అదే మర్యాద.

"ఏమ్మా? కూర్చోమన్నానుగా, ఫర్వాలేదు" అన్నాడు. చేతిలో నాణెం మళ్ళీ పైకి లేచింది.

ప్రశ్నలావిడ కుర్చీ పక్కకు జరిపింది. నడిచి వెళ్ళి తనూ బీరువాకు వీపు ఆనించి, చిన్నదాని పక్కన నిలబడింది. భుజానికి భుజం తగిలింది. ముందుకు చూస్తూనే, బస్సులో అడిగినట్టే అడిగింది:

"చెప్పు. ప్రయాణం ఎలా ఉంది?"

నాణెం గాలిలోనే ఆగింది.

"కుర్చీ వద్దు సార్" అంది చిన్నది, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ. "ఇంతకుముందు మీరు ఒకసారి దిగమంటే దిగాను. ఇవాళ నిలబడే చెబుతాను."